మూడు మార్కుల పగడం

మా కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ఆడపిల్లలంతా ఒక అబద్ధం రాసి మూడు మార్కులు తెచ్చుకున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. తర్వాత అక్కడే లెక్చరర్‌నై, పద్నాలుగేళ్ళుగా ఆ అబద్ధాన్ని నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ నేర్పాను. సుధారాణి మేడమ్ బొమ్మలు బాగా వేస్తుందని నాకు పేరు కూడా.

ఆ అబద్ధం పేరు ఫంజియా. ప్రాక్టికల్ పరీక్ష రోజున బల్లల మీద వరసగా నమూనాలు పెడతాం. గంట కొట్టినప్పుడల్లా పిల్లలు ఒక్కో నమూనా ముందుకు జరుగుతూ, దాని పేరేమిటో, లక్షణాలేమిటో, ఎక్కడ బతుకుతుందో రాయాలి. లేబుళ్ళు ఆ పూట తిరగేసి ఉంటాయి. ఐదో నంబరు దగ్గర చిన్న పెట్టెలో, దూది మీద, బొటనవేలి గోరంత రాతి గిన్నె ఒకటి ఉండేది. అంచు నుంచి నడిమికి సన్నని రేకులు, అడుగున అతుక్కున్న నల్లరాతి ముక్క. దాన్ని చూసి మేమందరం కళ్ళు మూసుకుని రాసేవాళ్ళం: ఫంజియా, ఒంటరి పగడం, పుట్టగొడుగు ఆకారం, అరచేయంత పరిమాణం, తక్కువ లోతు నీటిలో ఇసుక మీద దేనికీ అతుక్కోకుండా పడి ఉంటుంది.

అరచేయంత అని రాస్తున్నామే, ఎదురుగా ఉన్నది గోరంతే కదా అని ఒక్కరికైనా తట్టలేదు. రాయికి అతుక్కున్నదాన్ని పట్టుకుని అతుక్కోదని రాశాం. చదువంటే అంతే మరి, కళ్ళెదుట ఉన్నది వదిలేసి నోట్సులో ఉన్నది రాయడం.

అది ఫంజియా కాదు. అది కాలేజీ సొత్తు కూడా కాదు. మా ల్యాబ్ అటెండెంట్ అంతోనమ్మది.

అంతోనమ్మ భీమిలి దగ్గర ఒక పల్లెలో పుట్టింది. తండ్రి తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. ఇరవయ్యో ఏట శాంతకుమార్ అనే అతన్ని పెళ్ళి చేసుకుని జంషెడ్‌పూర్ వచ్చింది. అతనికి గోవింద్‌పూర్ దగ్గర ట్రక్కుల ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని. వచ్చిన మొదటి రోజు ఆమె మొగుణ్ణి అడిగిందట, "ఇక్కడ సముద్రం ఎటు?" అని. వాళ్ళ పల్లెలో ఎవరికైనా ఇంటికి దారి చెప్పాలంటే సముద్రం ఎటుందో చెప్పి మొదలుపెడతారు. శాంతకుమార్ పగలబడి నవ్వి, మర్నాడు షాపు ఫ్లోరంతా చాటింపు వేశాడు. ఆ తర్వాత చాలాకాలం అతని స్నేహితులు ఎదురైనప్పుడల్లా "భాభీ, సముందర్ మిలా?" అనేవాళ్ళు, వదినా సముద్రం దొరికిందా అని. చెప్పేటప్పుడు ఆమె కూడా నవ్వేది గానీ, నవ్వు చివరిదాకా ఉండేది కాదు.

ఎనిమిదేళ్ళకే పచ్చకామెర్లతో అతను పోయాడు. పిల్లలు లేరు. ఆమె భుయ్యాడీహ్‌లో సువర్ణరేఖ నది ఒడ్డుకు దగ్గరగా ఒక గది తీసుకుంది. చర్చి ఫాదర్ ఎవరితోనో చెప్పి మా కాలేజీలో రోజుకూలీ కింద పెట్టించారు. పని ఏమిటంటే మ్యూజియం గది చూసుకోవడం. సీసాల్లో పాములు, కప్పలు, చేపలు; అద్దాల బీరువాల్లో గవ్వలు, ఎముకలు. ఫార్మలిన్ తగ్గితే నింపాలి, దుమ్ము దులపాలి.

ఫార్మలిన్ వాసన గురించి తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. కళ్ళు మండుతాయి, చీరకు పట్టిందంటే సబ్బుకు లొంగదు. సాక్చీలో షేర్ ఆటో ఎక్కితే పక్కవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళట. నాలుగు రోజులు చూసి ఆమె ఆటో మానేసి నడక మొదలుపెట్టింది. మధ్యాహ్నం మిగతా అటెండెంట్లంతా మెట్ల దగ్గర కూర్చుని తింటే, ఆమె మ్యూజియంలోనే, సీసాల మధ్య, డబ్బా విప్పుకునేది. సువర్ణరేఖ చేపలు ఆమెకు నచ్చేవి కావు. "ఉప్పు తెలీని సేప సేపేటి?" అనేది.

నేను ఆ కాలేజీలో బి.ఎస్సీ.లో చేరిన మొదటి వారంలోనే ఆమె తెలుగు మనిషని కనిపెట్టాను. మ్యూజియం తలుపు దగ్గర నిలబడి ఉంటే లోపల్నుంచి వినిపించింది: "నువ్వేటి అలా సూత్తన్నావు? నీ సీసా రేపు, ఇయాల కప్పది." సీసాలో ఉన్న కట్లపాముతో మాట్లాడుతోంది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే తెలుగులో పలకరించాను. ఆమె మొహం వెలిగిపోయింది. నేనేదో స్వర్గం నుంచి దిగివచ్చినట్టు రెండు చేతులూ పట్టుకుంది. అప్పట్నుంచి పదిమందిలో ఉంటే ఆమెకు నేను అందరిలాంటి పిల్లని, ఒంటరిగా దొరికితే సుధమ్మని.

ఊళ్ళో తెలుగువాళ్ళు లేకేం, టాటానగర్ స్టేషన్ చుట్టూ రైల్వే కాలనీల నిండా మేమే. మా నాన్న కూడా రైల్వేనే. కానీ మా వాళ్ళ పండగలూ గుడి భజనలూ ఆమెవి కావు. ఆమె వెళ్ళే చర్చిలో పూజ హిందీలో జరిగేది. రెండిట్లోనూ ఆమెకు చోటు లేదని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. నేను మాత్రం ఏం ఒరగబెట్టాను? ఆమె మీద జాలి ఉండేది, కబుర్లు ఇష్టంగా ఉండేవి, ఒక్క మధ్యాహ్నమైనా పక్కన కూర్చుని అన్నం తినలేదు. వాసన అనేదాన్ని. చదివేటప్పుడూ అదే మాట, పాఠాలు చెప్పేటప్పుడూ అదే మాట.

ఇప్పుడు ఆ రాతి గిన్నె సంగతి. ఇది నాకు తెలిసింది మొన్న ఏప్రిల్లోనే గానీ, ముందే చెప్పేస్తాను.

అంతోనమ్మకు ఫ్రాంక్లిన్ అని తమ్ముడు. విశాఖ హార్బర్లో ఒక ట్రాలర్ మీద పనిచేసేవాడు. తొంభై ఆరు నవంబరులో ఆమె తండ్రి సమాధికి దీపం పెట్టడానికని ఊరెళ్ళింది. ఆ వారంలోనే తమ్ముడు వలలో పడిన ఈ రాతి గిన్నెను తెచ్చి ఆమె చేతికిచ్చాడు. తర్వాత వేటకు వెళ్ళాడు. తుఫాను పట్టుకుంది. ఆరు రోజులకు పడవ చెక్కలు దొరికాయి గానీ మనిషి దొరకలేదు. ఆమె ఆ గిన్నెను జేబురుమాల్లో కట్టుకుని జంషెడ్‌పూర్ తిరిగి వచ్చింది.

రెండు నెలల తర్వాత బీరువా దులుపుతుంటే చేతిలోంచి ఫంజియా జారిపడి ముక్కలైంది. అసలు ఫంజియా, నిజంగానే అరచేయంతది. వస్తువు పగలగొట్టిన రోజుకూలీని మర్నాడు రావద్దనడం మా కాలేజీలో రివాజు. ఆమె రాత్రంతా ఏడ్చి, తెల్లారి తమ్ముడిచ్చిన గిన్నెను తెచ్చి ఖాళీ పెట్టెలో పెట్టింది. దీనికీ రేకులున్నాయి, దానికీ రేకులున్నాయి. అంతకుమించి తేడా ఆమెకేం తెలుసు? ఆ వారమే కొత్తగా వచ్చిన హెడ్డు సీతారామరావుగారు మ్యూజియం చూస్తూ ఆ పెట్టె దగ్గర ఆగి, "ఇంత చిన్నదా! పిల్ల ఫంజియా అయి ఉంటుంది" అన్నారు. అని ఊరుకోక లేబుల్ మీద స్వహస్తాలతో 'పిల్ల' అని రాశారు. హెడ్డుగారు రాశాక ఇంకేముంది, అది శాసనం.

ఆమె ఉద్యోగం నిలిచింది, కొన్నేళ్ళకు పర్మనెంటు కూడా అయింది. తమ్ముడి వస్తువు మాత్రం అద్దం వెనక్కి పోయింది. ప్రతి శనివారం దాన్ని బయటికి తీసి, శాంతకుమార్ గడ్డం గీసుకునే కుంచెతో దుమ్ము దులిపి మళ్ళీ పెట్టేది. ఒక్కదానికే అంత ముద్దు దేనికని మేం వేళాకోళం చేసేవాళ్ళం. ఈ ఏడాది జూన్ ముప్పయ్యో తారీఖున రిటైరవ్వాలి. ఆ రోజు ఉన్నమాట చెప్పేసి, తన వస్తువు తను సంచిలో వేసుకుని ఇంటికి పోవాలన్నది ఆమె ఆలోచన. ఇరవై ఎనిమిదేళ్ళు నోరు కట్టుకున్న మనిషి, ఇంకో రెండు నెలలు కట్టుకుంటే చాలు.

ఆ రెండు నెలల్లోనే ఇంద్రాణి వచ్చి పడింది.

ఇంద్రాణి మా రైల్వే కాలనీ పిల్లే. తండ్రి ట్రాక్ మీద గ్యాంగులో పని. ఇంట్లో తెలుగు వింటుంది, బయట హిందీ మాట్లాడుతుంది. అంతోనమ్మ "ఏటమ్మా, బోంచేసినావా?" అంటే, "హాఁ ఆంటీ, ఖా లియా" అనేది. తెలివైనదని కాదు గానీ, దేన్నీ ఊరికే నమ్మని రకం. అలాంటి పిల్లలంటే టీచర్లందరికీ ఇష్టమని పైకి చెబుతాం.

ఏప్రిల్ చివర ప్రాక్టికల్ పరీక్ష. రాంచీ నుంచి బయటి ఎగ్జామినర్ వచ్చాడు, లోపలి ఎగ్జామినర్‌ని నేను. ఐదో నంబరు దగ్గర ఇంద్రాణి ఆగి, 'ముట్టుకోరాదు' అన్న బోర్డు పక్కనే చెయ్యి పెట్టి, ఆ రేకుల అంచు మీద గోరు నడిపింది. నేను చూడలేదు. గోడ దగ్గర నిలబడ్డ అంతోనమ్మ చూసింది. చూసి, అరవలేదు.

ఆ పిల్ల రాసినదాని సారాంశం ఇది. ఇది ఫంజియా కాదు, పిల్ల ఫంజియా కూడా కాదు. ఫంజియా రేకుల అంచు రంపంలా ఉంటుంది, దీనిది నున్నగా ఉంది. నడిమి గుంట చుట్టూ చిన్న గుంజల వరస ఉంది, ఫంజియాకు అది ఉండదు. ఇది గిన్నె పగడాల్లో ఏదో ఒకటి, పేరు నాకు తెలియదు. ఈ రకానివి చాలావరకు వెలుతురు సరిగా అందని లోతులో, రాయి పట్టుకుని, ఒక్కొక్కటిగా బతుకుతాయి. దిబ్బలు కట్టే పగడాలకు ఒంట్లో ఉండే నాచు తిండి పెడుతుంది, వీటికి ఆ ఆసరా లేదు. నీళ్ళలో కొట్టుకొచ్చినది చేతికి అందితే తింటాయి, లేకపోతే లేదు.

రాంచీ ఆయన దానికి సున్నా చుట్టాడు. మౌఖికంలో, గోడ దగ్గర అంతోనమ్మ వింటుండగానే, పిల్లను నిలదీశాడు. "ఇన్నేళ్ళ మ్యూజియం లేబుల్ తప్పు, నువ్వు ఒప్పూనా?"

"సర్, ఛూకే దేఖియే నా," అంది ఇంద్రాణి. ఒకసారి ముట్టుకుని చూడమని.

తప్పేముంది ఆ మాటలో? ముట్టుకుంటే తేలిపోయేది. కానీ ఆయనకు ఎక్కడో కాలింది. నేనైనా లేచి చూడాలా, లేదు. "సారీ చెప్పు" అని ఆ పిల్లకు కళ్ళెర్రజేశాను. ఆ పిల్ల చెప్పలేదు. మౌఖికంలో ఆయన ఇష్టమొచ్చినట్టు కోశాడు. మొత్తం కూడితే పాసుకు రెండు మార్కులు తక్కువ వచ్చింది. ప్రాక్టికల్ పోతే ఏడాది పోయినట్టే. నాకు బాధ కలిగింది, నిజమే. ఆ బాధతోనే జాబితా మీద సంతకం పెట్టాను.

నాలుగు గంటలకు సీలు వేసే పని. మార్కుల జాబితా కవరులో పెట్టి, గుడ్డతో కుట్టి, లక్క కరిగించి మూడు చోట్ల బొట్లు వేసి ఇత్తడి ముద్ర కొట్టాలి. ఆ పని ఎప్పుడూ అంతోనమ్మదే. కొవ్వొత్తి మీద లక్క కరిగించింది. మొదటి బొట్టు వేసింది. ముద్ర పట్టుకున్న చెయ్యి దాని మీదికి వెళ్ళి ఆగిపోయింది. మేం చూస్తుండగానే లక్క గట్టిపడిపోయింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"సీలెయ్యొద్దమ్మా," అంది. "ఆ పిల్ల రాసిందే నిజం. అది పంజియా కాదు. పంజియాని నాను పగలగొట్టీసినాను. ఇది మా తమ్ముడిది."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను హిందీలో చెబితే రాంచీ ఆయన పెదవి విరిచాడు. ఆ పిల్లా తెలుగే, ఈమె తెలుగే, మీరూ తెలుగే, బాగుంది మేడమ్, అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చింది అనబోయాను. అంతోనమ్మ మాత్రం మ్యూజియంలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఉంది. బల్ల మీద కుమ్మరించింది. అసలు ఫంజియా ముక్కలు, తొమ్మిది.

"కాలేజీ సామాను కదమ్మా, ఎలా పారేత్తాను?" అంది.

రాంచీ ఆయన ఒక ముక్క తీసుకుని అంచు మీద గోరు నడిపాడు. రంపంలాగే గరగరలాడింది. తర్వాత ఐదో నంబరు గిన్నె తీసి దాని మీద నడిపాడు. చప్పుడు లేదు. నాకూ ఇచ్చాడు. ఇరవై ఏడేళ్ళ పరిచయంలో దాన్ని మొదటిసారి ముట్టుకున్నాను. మట్టిగాజు అంచంత నున్నగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కవరు చింపి, సున్నా కొట్టేసి మూడు వేశాడు. ఇంద్రాణి ఒక్క మార్కు మిగిలేలా గట్టెక్కింది. ఆయనలో నాకు నచ్చిన పని అదొక్కటే. లోపలి ఎగ్జామినర్‌నై ఉండి నేను ఆపాటి కూడా చెయ్యలేదు.

ఆయన వెళ్ళిపోయాక అంతోనమ్మ ఆ గిన్నెను రెండు చేతుల్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడిది నాకిచ్చేత్తారా సుధమ్మా? తీసుకెళ్ళిపోతారా?"

రాతి పగడాలన్నీ వన్యప్రాణుల చట్టంలో పులి ఉన్న జాబితాలోనే ఉన్నాయి. కాగితం లేకుండా ఇంట్లో పెట్టుకోవడం నేరం. అది ఎవరి తమ్ముడిచ్చినా, ఎన్నేళ్ళ కిందట ఇచ్చినా సరే. అప్పటికే కబురు మా హెడ్ మేడమ్ దాకా వెళ్ళింది. ఆవిడ రిపోర్టు రాయక తప్పదు. రిజిస్టరులో లేని పగడం దొరికిందని, గుర్తింపు కోసం కోల్‌కతాలోని ఒక పెద్ద సంస్థకు పంపుతున్నామని రాసింది.

"మా నాయినకి సమాధుంది," అంది అంతోనమ్మ. "మా ఆయనకుంది. ఆడికేటీ నేదమ్మా. ఇదొక్కటే."

"తెలిసి కూడా ఎందుకు చెప్పావక్కా? రెండు నెలలు ఆగితే నీదయ్యేది కదా." ఆ మాట ఎలా అనగలిగానో, అనేశాను.

"ఆ పిల్లకి ఏడాది పోద్ది కదేటి," అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

పార్సిలు ఆమే కట్టింది. దూది పరిచి, మీద దూది కప్పి, పెట్టె మూత పెట్టి, మళ్ళీ తీసి ఇంకొంచెం దూది పెట్టి. పోస్టాఫీసుకు ఇంకో అటెండెంట్ తీసుకెళ్ళాడు. ఆ శనివారం మ్యూజియం ముందుగా వెళ్ళేటప్పుడు చూశాను. ఖాళీ పెట్టె ముందున్న బీరువా అద్దం తుడుస్తోంది. లోపలికి వెళ్ళి ఏదైనా మాట్లాడాల్సింది. నాకు క్లాసుందని చెప్పుకుని వెళ్ళిపోయాను.

సంజాయిషీ అడిగారు. నేను రాసిపెట్టాను, ఆమె సంతకం చేసింది. హెడ్ మేడమ్ మంచిదే, అంతటితో వదిలేసింది. జూన్ ముప్పైన పూలగుత్తి ఇచ్చారు, సమోసాలు పెట్టారు. ఆమె నిజాయితీ గురించి ఒకరిద్దరు మాట్లాడారు, ఏ నిజాయితీయో ఎవరూ విడమరచలేదు. ఇంద్రాణి కూడా వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, "థాంక్యూ మేడమ్, మీరే మాట్లాడి ఉంటారు" అంది. నేనేం మాట్లాడలేదని, నీ సున్నా కింద నా సంతకం కూడా ఉందని చెప్పాలి. నోరు రాలేదు. పది అడుగుల దూరంలో అంతోనమ్మ పేపరు ప్లేటు పట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది. ఆ పిల్ల ఆమెకు నమస్తే ఆంటీ అని చెప్పి వెళ్ళిపోయింది. ఇవాళ్టికీ ఆ సంగతి తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆగస్టులో కోల్‌కతా నుంచి ఉత్తరం వచ్చింది. నమూనా ఆసక్తికరంగా ఉందని, కారియోఫిల్లియా అనే ఒంటరి గిన్నె పగడాల ప్రజాతికి చెందినదని, కచ్చితంగా ఏ జాతో తేల్చడానికి సేకరణ వివరాలు కావాలని రాశారు. నమూనా తమ సంగ్రహంలోనే ఉంచుకుంటామన్నారు. ఒక ఫారం జతచేశారు. తెలిసినంత నింపి పంపమన్నారు.

వెంటనే బయల్దేరాను. ఇన్నేళ్ళలో ఆమె ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. భుయ్యాడీహ్ సందుల్లో మోకాలి దాకా బురద, పైన ముసురు. ఇల్లు అడుగుతుంటే అటువైపు వాళ్ళు "వో దవాయీ వాలీ మద్రాసీ?" అన్నారు. మందు వాసన మనిషి. రిటైరైనా వాసన పేరు వదల్లేదు.

నన్ను చూసి ఆమె కంగారుపడిపోయింది. ఉన్న ఒక్క కుర్చీ తుడిచింది. టీ పెట్టబోతే అన్నం పెట్టమన్నాను. నమ్మలేనట్టు చూసింది. ఎండు నెత్తళ్ళ పులుసుతో పెట్టింది, ఎదురుగా కూర్చుని తింది. తిన్నంతసేపూ ఆమె మాట్లాడుతూనే ఉంది. నెలన్నరగా చర్చిలో ఫాదర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదట. అదీ హిందీలో, అదీ రెండు ముక్కలు. ఇంట్లో మాట్లాడదామంటే సీసాలు కూడా లేవని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

చెయ్యి కడుక్కుని ఫారం తీశాను. ఏమిటో విడమరచి చెప్పాను.

"సేకరించినవారి పేరు అడుగుతున్నారక్కా."

"అంటే?"

"సముద్రంలోంచి తెచ్చింది ఎవరని. ఆ పగడం పక్కన ఆ పేరు రాసి ఉంచుతారు. ఎన్నేళ్ళైనా ఉంటుంది."

ఆమె ఫారం మీదికి వంగింది. "ప్రాంక్లిన్ అని రాత్తారా? ఆడి పేరే?"

రాశాను. ఇంటిపేరుతో సహా రాశాను. చదివి వినిపించమంది. వినిపిస్తే, మళ్ళీ వినిపించమంది. తర్వాత గడి తేదీ. తడుముకోకుండా చెప్పింది: తొంభై ఆరు, నవంబరు నాలుగు, సోమవారం. స్థలం గడిలో విశాఖపట్నానికి ఎదురుగా బంగాళాఖాతం అని రాశాను.

"బతికున్నప్పుడు రంగేమిటని అడిగారు. అది మనకెలా తెలుస్తుంది, వదిలేద్దాం."

"నాకు తెల్సు," అంది అంతోనమ్మ.

నేను కలం ఆపేశాను.

"సత్తు గిన్నెలో సముద్రం నీళ్ళు పోసి తెచ్చినాడమ్మా, అరుగు మీదెట్టినాడు. పొద్దు గూకుతంది. ఇద్దరం గొంతుక్కూకున్నాం. రాయే కదా, ఏటుంది సూడ్డానికి అన్నాను. ఉండక్కా అన్నాడు. కాసేపటికి లోపల్నుంచి లేత నారింజ రంగు కండలాటిది పైకొచ్చింది. దాంట్లోంచి ఏళ్ళు. సన్నగా, గాజులాగ, ఒక్కో ఏలి సివర తెల్ల సుక్క. ఆడు రొయ్య ముక్క సిదిమి అందించినాడు. ఆ ఏళ్ళన్నీ ముడుసుకుని లోపలికి లాగీసినాయి. 'అక్కా, రాయి బోంచేత్తంది సూడే' అని ఆడు ఒకటే నవ్వు."

నేను పద్నాలుగేళ్ళుగా ఆ జీవుల గురించి పాఠం చెబుతున్నాను. బతికున్నదాన్ని ఒక్కసారి చూడలేదు. మా కాలేజీలో ఎవరూ చూసి ఉండరు. ఆమె చెప్పినదంతా, వేలి చివర తెల్ల చుక్కతో సహా, ఆ చిన్న గడిలో పట్టక పక్కన అంచు మీద కూడా రాశాను.

మిగిలింది ఒక్క గడి. లోతు.

"ఎంత లోతులో దొరికిందో చెప్పాడా అక్కా? ఎన్ని బారల నీళ్ళలో అని?"

బయట వాన పెరిగింది. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

"వల రాయికి పట్టీసి సిరిగిపోనాదని సెప్పినాడు. ఆ రాయితో పాటే ఇది వచ్చినాదట. అన్నం తిని ఆ వల కుట్టుకుంతా కూకున్నాడు. తెల్లారి ఎల్లాల కదా. ఎంత లోతని అడుగుదామనుకున్నానమ్మా. పనిలో ఉన్నాడు, ఇసుక్కుంతాడు, వచ్చినాక అడగొచ్చులే అనుకున్నాను."

నేను తల ఎత్తలేదు.

"రాయకపోతే ఒప్పుకోరేటి సుధమ్మా?"

"ఒప్పుకుంటారక్కా," అన్నాను.